అడుగు

ఆర్న్‌సైడ్ ఒడ్డున చెప్పులు విప్పి
సంచిలో వేసుకుంటుంటే
బ్రెయిత్‌వెయిట్ చెప్పినవి మూడే మాటలు:
కొమ్మ దాటి పక్కకు పోవద్దు,
ఈల వింటే ఆగిపోవాలి,
ఎందుకని ఒడ్డెక్కాక అడగొచ్చు.

డెబ్బై దాటిన మనిషి.
వలలు లాగి లాగి మొద్దుబారిన చేతులు.
నిన్ననే వచ్చి ఇసకలో
లారెల్ కొమ్మలు గుచ్చి వెళ్లాడట.
పోయిన వారం దారి ఈ వారం దారి కాదట.
నది రాత్రికి రాత్రి పక్క మార్చుకుంటుందట,
నిద్ర పట్టని మనిషిలా.

మా సంఘం వాళ్లం పదహారుమందిమి.
లాంకస్టర్‌లో స్కూలు హాలు అద్దెకు తీసుకుని
ఆదివారం సాయంత్రాలు తెలుగులో ఆరాధన.
ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే నేను
అక్కడ ప్రార్థన నడిపిస్తాను.
బాగా చేస్తానని పేరు.

ఆ పేరుతోనే
రెండేళ్ల కిందట శుక్రవారం కూడికలో
"యునీకే అక్క కొడుకు కోసం భారంగా ప్రార్థిద్దాం,
పోలీసులు తీసుకెళ్లారు" అన్నాను.
కళ్లు మూసుకునే అన్నాను.
అక్క నా ఒక్కదానికే చెప్పిన మాట అది,
బస్ స్టాపులో, గొడుగు కింద, నా చెయ్యి పట్టుకుని.
ఆమెన్ అన్నవాళ్లంతా ఇంటికెళ్లి ఫోన్లు తీశారు.
ఆ ఆదివారం నుంచి
మూడో వరసలో చివరి కుర్చీ ఖాళీ.

అప్పటినుంచీ మోకరిస్తే ఒకటే మాట:
వెళ్లు.
నేను అడుగుతూనే ఉన్నాను.
ప్రభువా, ముందు ధైర్యం ఇవ్వు,
ముందు ఆమె మనసు మెత్తబరచు,
ముందు ఒక గుర్తు చూపించు.
ఉపవాసాలు కూడా ఉన్నాను.
వెళ్లడం తప్ప అన్నీ చేశాను.

రెండు మైళ్లయ్యాక
కాలి కింద నేల జున్నులా వణికింది.
వెనక ఎవరో కెవ్వుమన్నారు.
కుడివైపు మెరక కనిపిస్తే
గట్టిగా ఉంది కదా అని అటు తిరిగాను.
ఈల.
ఆగాను. ఎందుకాగానో తెలీదు,
నన్నెవరూ అంత తేలిగ్గా ఆపలేరు.
బ్రెయిత్‌వెయిట్ వచ్చి కర్రతో మెరకను పొడిచాడు.
కర్ర సగం మునిగింది, చప్పుడు లేకుండా.
ఆయన ఒక్క మాటా అనలేదు.
కర్ర తుడుచుకుని ముందుకెళ్లాడు.

కెంట్ నది దగ్గర
అందర్నీ అడ్డంగా ఒకే వరసలో నిలబెట్టాడు.
ముందువాళ్లు తొక్కిన చోట ఇసక కదిలిపోయి
వెనకవాళ్లు కూరుకుపోతారని
ఒడ్డెక్కాకే చెప్పాడు.
ఎవరి నీళ్లు వాళ్లే దాటాలి.

గోధుమరంగు నీళ్లు. పాదం కనబడదు.
లోతెంతో వేస్తేగానీ తెలియదు.
మా అమ్మ భాష ఈ సంగతి ఎప్పుడో చెప్పి పెట్టింది:
అడుగంటే వేడుకో,
అడుగంటే కాలు కదుపు,
అడుగంటే నీళ్ల కింద ఉండే నేల.
నేను మొదటిదొక్కటే పట్టుకుని
రెండేళ్లు ఒడ్డున కూర్చున్నాను,
మూడోది దొరకలేదని ఏడుస్తూ.

నడుము దాకా వచ్చింది చలి.
విశ్వాసం పొంగుకొచ్చిందంటే అబద్ధం.
భయం అలాగే ఉంది.
కాలు మాత్రం పడింది.
పడిన చోట నేల ఉంది.
ఇంకో కాలు.

కెంట్స్ బ్యాంక్ స్టేషన్లో ఫోటోలు దిగారు,
సాక్ష్యాలు చెప్పుకున్నారు,
ముగింపు ప్రార్థన నన్ను చెయ్యమన్నారు.
"ఇవాళ ఇంకెవరైనా చెయ్యండి" అన్నాను.

రైలు ఒడ్డు వెంబడే వెనక్కి వచ్చింది.
కిటికీలోంచి చూస్తే మేం నడిచిన చోటంతా నీళ్లు.
ఒక్క కొమ్మా కనబడలేదు.
కార్న్‌ఫోర్త్‌లో దిగిపోయాను.
"మనది ఇది కాదు!" అని అరుస్తుండగానే
తలుపులు మూసుకున్నాయి.

ముప్ఫై ఒకటో నంబరు, ఆకుపచ్చ తలుపు.
ఏం చెప్పాలో కూడబలుక్కోలేదు.
మడమల మీద బురద ఎండి పగుళ్లు తీసింది.
గంట నొక్కాను.
లోపల పోపు వాసన, టీవీ మాటలు.
టీవీ ఆగింది.

గడప ముందు చెప్పులు విప్పి
నిలబడ్డాను.